రాజు లేని కోట... కన్నీళ్లూ, వాదనలూ ఒకే వరుసలో!

ఆగస్టు పదిహేను అనగానే మనకి జెండా పండగ. అమెరికాలో మిసిసిపీ నది ఒడ్డునున్న మెంఫిస్ నగరానికి మాత్రం ఆ రాత్రి జాగారం! పొద్దుగూకేసరికి ఊరికి దక్షిణాన ఓ పెద్ద రోడ్డు మీద వాహనాలు ఆపేస్తారు. ఆ రోడ్డు పేరే ఎల్విస్ ప్రెస్లీ బులెవార్డ్. ఎండ తగ్గినా ఉక్కపోత తగ్గదు. ఆ ఉక్కలోనే కొవ్వొత్తులు పట్టుకుని వేలమంది బారులు తీరతారు. చేతికర్ర ఊతంతో వచ్చిన బామ్మలుంటారు. నాన్న భుజాలెక్కిన చంటిపిల్లలుంటారు. యాభయ్యేళ్ల కిందటి ఫ్యాషన్‌లో తళుకుల తెల్లసూటు తొడుక్కుని, చెంపల మీదికి జుట్టు దించుకుని వచ్చిన నకిలీ ఎల్విస్‌లూ ఉంటారు.

సమాధి దగ్గర్నుంచి తెచ్చిన జ్యోతితో మొదటి కొవ్వొత్తి వెలుగుతుంది. దాన్నుంచి పక్కవాళ్లది, అక్కణ్నుంచి ఆ పక్కవాళ్లది... చూస్తుండగానే రోడ్డంతా దీపాల తోరణమైపోతుంది. గేట్లు తెరుచుకుంటాయి. వంపు తిరిగిన దారి వెంట జనం మెల్లగా మిట్ట ఎక్కుతారు. పైనున్న తెల్లస్తంభాల ఇంటి పక్కనే చిన్న తోట. అందులో సమాధులు. అక్కడ ఒక్క క్షణం నిలబడి, కళ్లు తుడుచుకుని, కిందికి దిగిపోతారు. ఆ వరుస మర్నాడు తెల్లవారుజాము దాకా సాగుతూనే ఉంటుంది.

ఆ ఇల్లు గ్రేస్‌ల్యాండ్. ఆ సమాధుల్లో ఒకటి రాక్ అండ్ రోల్ రారాజు ఎల్విస్ ప్రెస్లీది. 1977 ఆగస్టు 16న, 42 ఏళ్ల వయసులో అదే ఇంట్లో కన్నుమూశాడాయన. ఇన్నేళ్లయినా ఆ వరుస ఆగలేదు. కానీ, ఆ వరుసలో నడిచేవాళ్ల మధ్య తెగని తగువులు చాలానే ఉన్నాయి. ఆయన్ని బలితీసుకున్నది మందులా, మేనేజరా, అభిమానమా? ఆయన పాడిన పాట అసలు ఎవరి సొత్తు? ఆయన్ని తలచుకోవడమంటే మెచ్చుకోవడమేనా, నిలదీయడం కూడానా? కన్నీళ్లూ వాదనలూ ఇలా ఒకే వరుసలో నడిచే చోటు ప్రపంచంలో బహుశా ఇంకోటి ఉండదేమో!

అమ్మ కోసం కొన్న ఇల్లు

ఎల్విస్ పుట్టింది మెంఫిస్‌లో కాదు. పక్కనున్న మిసిసిపీ రాష్ట్రంలోని టుపెలో అనే చిన్న ఊళ్లో. 1935 జనవరి 8న, రెండంటే రెండే గదుల చెక్క ఇంట్లో. నిజానికి ఆరోజు ఆ తల్లికి కవలలు. మొదటి బిడ్డ కళ్లు తెరవకుండానే పోయాడు. మిగిలిన బిడ్డే ఎల్విస్. తండ్రి వెర్నన్‌కి నిలకడైన పని లేదు. 1948లో ఆ కుటుంబం పొట్ట చేతపట్టుకుని మెంఫిస్ వచ్చింది. కొన్నాళ్లకి పేదల కోసం ప్రభుత్వం కట్టిన లాడర్‌డేల్ కోర్ట్స్ అపార్ట్‌మెంట్లలో తలదాచుకుంది. స్కూలు చదువు పూర్తయ్యాక ఆ కుర్రాడు కొంతకాలం ఓ ఎలక్ట్రిక్ కంపెనీ ట్రక్కు నడిపాడు.

అలాంటివాడు 1957లో, ఇరవై రెండేళ్ల వయసులో, లక్షా రెండు వేల అయిదొందల డాలర్లకి గ్రేస్‌ల్యాండ్ కొన్నాడు. చుట్టూ పద్నాలుగు ఎకరాల దాకా స్థలం. ఆ ఇల్లు 1939లో ఓ డాక్టరు కుటుంబం కట్టుకున్నది. అంతకుముందు ఆ భూమి యజమానురాలైన గ్రేస్ టూఫ్ పేరే ఇంటికీ వచ్చింది. ఎల్విస్ చేసిందల్లా అమ్మనీ నాన్ననీ నానమ్మనీ తీసుకొచ్చి అందులో పెట్టుకోవడం! సంగీత స్వరాల ఆకారంలో ఇనుప గేట్లూ పెట్టించాడు. ఏడాదిన్నర తిరక్కుండానే, 1958 ఆగస్టులో తల్లి గ్లాడిస్ కాలం చేసింది. ఆ దెబ్బ నుంచి ఆయన ఎన్నడూ పూర్తిగా తేరుకోలేదని జీవితచరిత్రలు రాసినవాళ్లంతా చెబుతారు.

గ్రేస్‌ల్యాండ్‌ని రాజమహల్ అనుకుని వెళ్లినవాళ్లు కాస్త తెల్లబోతారు. అది కోట కాదు, బాగా డబ్బొచ్చిన మధ్యతరగతి ఇల్లు. హాల్లో పదిహేను అడుగుల తెల్ల సోఫా, రంగుటద్దాల మీద నెమళ్లు. నేలమాళిగలో ఒకే గోడకి మూడు టీవీలు. అధ్యక్షుడు లిండన్ జాన్సన్ మూడు చానెళ్లూ ఒకేసారి చూస్తారని విని పెట్టించుకున్నాడట! గోడలకీ పైకప్పుకీ కుచ్చిళ్ల గుడ్డ కప్పిన బిలియర్డ్స్ గది ఒకటి. వెనకవైపు 'జంగిల్ రూమ్'. అందులో నేల మీదే కాదు, పైకప్పుక్కూడా ఆకుపచ్చ తివాచీ! 1976లో స్టూడియోకి వెళ్లే ఓపిక లేక, రికార్డింగ్ సరంజామానే ఆ గదికి రప్పించుకుని పాడాడు.

మేడమీదికి మాత్రం ఎవరినీ పంపరు. ఆయన పడకగదీ, ఆఖరి శ్వాస విడిచిన చోటూ అక్కడే. 1982 జూన్ 7న ఈ ఇంటిని జనం కోసం తెరిచారు. ఆరోజు నుంచి ఈరోజు దాకా ఆ మెట్ల దగ్గర సందర్శకుల్ని ఆపేస్తూనే ఉన్నారు. చిత్రమేమిటంటే, ఈ విషయంలో అభిమానుల మధ్య పెద్దగా తగువు లేదు. అంతా చూడాలనుకునేవాళ్లు కూడా ఆ మెట్ల దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గిస్తారు.

ఆ మూడు రోజులు

కబురు తెలిసిన సాయంత్రం నుంచే గ్రేస్‌ల్యాండ్ ముందు జనం పోగయ్యారు. మర్నాడు మధ్యాహ్నం శవపేటికని వాకిట్లో ఉంచి, గేట్లు తెరిచారు. వేలమంది కడచూపు చూసుకున్నారు. ఇంకా వేలమంది గేటు బయటే ఉండిపోయారు. ఎండకి సొమ్మసిల్లి పడిపోయినవాళ్లెందరో! మూడు వేలకు పైగా పుష్పగుచ్ఛాలు వచ్చాయి. ఎల్విస్ మరణంతో దేశం తనలో కొంత భాగాన్ని పోగొట్టుకుందని నాటి అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ప్రకటన ఇచ్చారు. ఓ గాయకుడి కోసం అధ్యక్షుడు అంత మాట అనడం అప్పట్లో చిన్న సంగతి కాదు.

ఆ దుఃఖంలోనే మరో విషాదం. పద్దెనిమిదో తేదీ తెల్లవారుజామున, గేటు ముందు నిలబడ్డ జనం మీదికి ఓ కారు దూసుకొచ్చింది. లూసియానా నుంచి వచ్చిన ఇద్దరు యువతులు అక్కడికక్కడే చనిపోయారు. ఆ రోజే, తెల్లటి క్యాడిలాక్ కార్ల బారు వెంట రాగా, ఎల్విస్‌ని ఫారెస్ట్ హిల్ శ్మశానవాటికలో తల్లి పక్కన ఉంచారు. పట్టుమని పది రోజులు దాటాయో లేదో, భౌతికకాయాన్ని ఎత్తుకెళ్లాలని చూశారంటూ పోలీసులు కొందరిని పట్టుకున్నారు. ఇక లాభం లేదని, అక్టోబరు 2న తల్లీకొడుకులిద్దరినీ గ్రేస్‌ల్యాండ్ తోటకే మార్చారు. ఆ తర్వాత తండ్రి, నానమ్మ కూడా అక్కడికే చేరారు. పుట్టగానే పోయిన కవల సోదరుడు జెస్సీ పేరిటా ఓ ఫలకం ఉంది.

సమాధి రాయి మీదా ఓ తగువుంది! పుట్టినప్పుడు ఆయన పేరు మధ్యలోని 'ఆరన్'కి ఇంగ్లిషులో ఒకటే 'ఎ' రాశారు. రాతి మీద రెండున్నాయి. 'చూశారా, తప్పు పేరు చెక్కారంటే లోపలున్నది ఆయన కాదు, ఎల్విస్ ఎక్కడో బతికే ఉన్నాడు' అని వాదించేవాళ్లు కొన్ని దశాబ్దాల పాటు గట్టిగానే ఉన్నారు. అసలు సంగతేమిటంటే, బైబిల్లో ఉన్నట్టుగా రెండు 'ఎ'లతో రాసుకోవాలని ఎల్విసే అనుకున్నాడు. తండ్రి ఆ కోరికే తీర్చాడు. కానీ, నమ్మకం తర్కానికి లొంగుతుందా! ఇష్టమైనవాడు పోయాడని ఒప్పుకోలేని మనసు, ఒక్క అక్షరం దొరికినా పట్టుకుని వేలాడుతుంది.

చంపిందెవరు?

వరుసలో మాట పెరిగేది ఇక్కడే. డాక్టర్లు చెప్పిన కారణం గుండె లయ తప్పడం. దాని వెనకున్న కారణం అందరికీ తెలిసిందే... నిద్ర మాత్రలు, నొప్పి మాత్రలు, ఉత్సాహం కోసం మాత్రలు. చివరి ఏడాది మొదటి ఎనిమిది నెలల్లోనే పది వేలకు పైగా మాత్రలూ ఇంజెక్షన్లూ ఆయన వైద్యుడు జార్జ్ నికోపౌలస్ చీటీ మీద వెళ్లాయని విచారణలో తేలింది. ఆ వైద్యుడి మీద నేరం రుజువు కాలేదు. కానీ, 1990ల్లో టెన్నెసీ రాష్ట్రం ఆయన లైసెన్సు రద్దు చేసింది.

మందుల సంగతిలో ఇంకో విడ్డూరమూ ఉంది. 1970 డిసెంబరు 21న ఎల్విస్ ముందుగా ఏ కబురూ లేకుండా వైట్‌హౌస్ గేటు దగ్గరికి వెళ్లి, అధ్యక్షుడు నిక్సన్‌ని కలిశాడు. మాదకద్రవ్యాల మీద పోరాటానికి సాయం చేస్తానన్నాడు. అందుకుగాను ఆ శాఖ బ్యాడ్జీ కూడా పుచ్చుకున్నాడు! డాక్టరు రాసిచ్చినదేదీ మత్తుమందు కాదని ఆయన గట్టి నమ్మకం. 'ఎంత అమాయకుడు' అంటారు అభిమానుల్లో సగం మంది. 'తనని తాను మోసం చేసుకున్నాడు' అంటారు మిగతా సగం.

మేనేజరు 'కల్నల్' టామ్ పార్కర్ పేరెత్తితే మాత్రం అందరిదీ ఒకటే మాట. చివరి రోజుల్లో ఆదాయంలో సగం దాకా పార్కర్‌కే పోయేది. 1973లో అప్పటిదాకా పాడిన పాటల మీద రాబోయే రాయల్టీలన్నీ యాభై నాలుగు లక్షల డాలర్లకి రికార్డింగ్ కంపెనీకి అమ్మించేశాడు. ఎల్విస్ పోయాక ఇంటి ఖర్చులకే కటకటలాడే పరిస్థితి వచ్చింది. మాజీ భార్య ప్రిసిల్లా, కూతురి తరఫున ఆ ఇంటిని మ్యూజియంగా మార్చింది అందుకే. లేకపోతే గ్రేస్‌ల్యాండ్ ఎప్పుడో చేతులు మారిపోయి ఉండేది.

పార్కర్ పుణ్యమా అని జరిగింది ఇంకోటుంది. ఆయన అసలు అమెరికన్ కాదు. హాలండ్‌లో పుట్టి, కాగితాలు లేకుండా వచ్చినవాడు. విదేశాలకి వెళ్తే తన గుట్టు బయటపడుతుందనే ఎల్విస్‌ని దేశం దాటనివ్వలేదని చాలామంది అంటారు. కారణం ఏదైనా, 1957లో కెనడాలో ఇచ్చిన కొన్ని కచేరీలు తప్ప ఎల్విస్ బయటి దేశంలో ఒక్క కచేరీ చేయలేదు. 1960లో సైన్యం నుంచి తిరిగొస్తూ విమానం ఆగినప్పుడు స్కాట్లాండ్‌లో కాసేపు కాలు పెట్టాడు. బ్రిటన్ అభిమానులకి దక్కింది అంతే! హిందీ తెరమీద షమ్మీకపూర్‌ని 'ఇండియన్ ఎల్విస్' అని పిలుచుకున్న మన దేశానికీ ఆయన రాలేదు. ఆగస్టు వరుసలో ఇంగ్లండు, జర్మనీ, జపాన్, బ్రెజిల్ దేశాల వాళ్లు అంతమంది కనబడటానికి కారణం ఇదే కావచ్చు. బతికున్నప్పుడు ఆయన రాలేకపోయిన చోటు నుంచి, పోయాక వాళ్లే వస్తున్నారు.

పాట ఎవరిది?

అన్నిటికన్నా పెద్ద తగువు ఇది. ఇది తేలాలంటే గ్రేస్‌ల్యాండ్ గేటు దాటి ఊళ్లోకి వెళ్లాల్సిందే. పదిహేను కిలోమీటర్ల లోపే, యూనియన్ అవెన్యూలో 706 నంబరు ఇంటి మూల గదే సన్ స్టూడియో. పెద్ద దుకాణం కాదు, ఓ మోస్తరు కిరాణా కొట్టంత ఉంటుంది. శామ్ ఫిలిప్స్ అనే ఆయన 1950లో తెరిచాడు. తలుపు తట్టినవారెవరైనా పాడుకోవచ్చు. బి.బి.కింగ్, హౌలిన్ వుల్ఫ్ లాంటి నల్లజాతి గాయకులు తొలినాళ్లలో పాడింది ఇక్కడే. 1953లో నాలుగు డాలర్ల లోపు చెల్లించి, రెండు పాటలు పాడుకుని వెళ్లిన ఓ సిగ్గరి కుర్రాడే ఎల్విస్.

మరుసటి ఏడాది జులై 5 రాత్రి. ఎన్ని పాటలు పాడించినా ఏదీ కుదరక అందరూ విసిగిపోయిన వేళ... ఎల్విస్ సరదాగా ఓ పాట అందుకుని గెంతడం మొదలెట్టాడు. అది 'దట్స్ ఆల్ రైట్'. ఆర్థర్ క్రుడప్ అనే నల్లజాతి బ్లూస్ గాయకుడు అంతకు ఎనిమిదేళ్ల ముందు పాడిన పాట. రికార్డుకి రెండోవైపు తెల్లవాళ్ల పల్లెపాటల బాణీలోని బిల్ మన్రో పాట పెట్టారు. ఒకే రికార్డుకి ఓ పక్క నలుపు, ఓ పక్క తెలుపు! మెంఫిస్‌లో బస్సు సీట్లూ మంచినీళ్ల కుళాయిలూ రంగు ప్రకారం వేరువేరుగా ఉన్న రోజులవి. రేడియోలో పాట మోగాక ఎల్విస్‌ని స్టూడియోకి పిలిపించిన వ్యాఖ్యాత డ్యూయీ ఫిలిప్స్ 'ఏ స్కూల్లో చదివావు?' అని అడిగాడు. ఎందుకో తెలుసా? హ్యూమ్స్ హైస్కూల్ అని చెబితే పాడింది తెల్ల కుర్రాడని శ్రోతలకి అర్థమవుతుందని! గొంతు విని చాలామంది నల్లజాతి గాయకుడే అనుకున్నారట మరి.

అసలు గొడవ అక్కడే మొదలైంది. 'హౌండ్ డాగ్' పాటని ముందు పాడి హిట్ చేసింది బిగ్ మామా థార్న్‌టన్ అనే నల్లజాతి గాయని. 1956లో అదే పాటతో ఎల్విస్ దేశాన్ని ఊపేశాడు. ఆమెకి దక్కింది అయిదొందల డాలర్లని ఆమే చెప్పుకుంది. క్రుడప్ సంగతి ఇంకా దారుణం. రావాల్సిన రాయల్టీల కోసం ఏళ్లతరబడి పోరాడి, చేతికందకుండానే 1974లో పోయాడు. ఇది ఎల్విస్ ఒక్కడి తప్పు కాదు. పాటలు రాసినవాళ్ల హక్కుల్ని కంపెనీలు మింగేసే కాలం అది. కానీ, లాభం ఎవరికి దక్కిందో అందరికీ కనబడుతూనే ఉంది. 1989లో పబ్లిక్ ఎనిమీ బృందం తమ ర్యాప్ పాటలో ఎల్విస్‌ని పేరు పెట్టి దులిపేసినప్పుడు, నల్లజాతి యువతలో చాలామందికి అది తమ గుండెల్లోని మాటే అనిపించింది.

ఇటువైపు వాదన కూడా వినాలిగా! నల్లవాళ్లని కించపరుస్తూ ఎల్విస్ ఓ మాట అన్నాడని 1957లో పుకారు లేచింది. నల్లజాతి పాఠకుల కోసం వచ్చే 'జెట్' పత్రిక తన విలేకరితో దాని మీద ఆరా తీయించింది. ఆయన ఆ మాట అన్నట్టు ఎక్కడా ఆధారం దొరకలేదు. తాను కొత్తగా కనిపెట్టిందేమీ లేదనీ, నల్లవాళ్లు తనకంటే ఎంతో ముందునుంచీ ఇలాగే పాడుతున్నారనీ 1956లోనే ఎల్విస్ ఓ విలేకరికి చెప్పాడు. క్రుడప్ పేరు కూడా తలచుకున్నాడు. ఆ ఏడాది డిసెంబరులో, నల్లవాళ్ల రేడియో డబ్ల్యూడీఐఏ పెట్టిన కచేరీకి వెళ్లి బి.బి.కింగ్ పక్కన నిలబడి ఫొటో దిగాడు. తెల్లజాతి నటులెవరూ అలాంటి చోటికి వెళ్లని రోజులవి. అంతకుముందు కుర్రతనంలో ఈస్ట్ ట్రిగ్ చర్చిలో నల్లజాతివారి ప్రార్థనాగీతాలు వినడానికి వెళ్లేవాడు. ఆయనకి జీవితంలో దక్కిన గ్రామీ అవార్డులు మూడే. మూడూ భక్తిగీతాలకే!

రెండువైపులా నిజం ఉంది. అందుకే ఈ తగువు తెగదు. ప్రేమతో నేర్చుకున్నాడన్నదీ నిజమే. నేర్పినవాళ్లకి దక్కాల్సింది దక్కలేదన్నదీ నిజమే. ఒకటి ఒప్పుకుంటే రెండోది చెల్లిపోదు.

గోడకి అటూ ఇటూ

గ్రేస్‌ల్యాండ్ ఉన్న పేట పేరు వైట్‌హేవెన్. ఎల్విస్ ఇల్లు కొన్న రోజుల్లో అది ఊరి చివర తెల్లవాళ్లు ఉండే పేట. 1970లో నగరంలో కలిసింది. ఆ తర్వాత తెల్లవాళ్లు మెల్లగా ఖాళీ చేశారు. ఇప్పుడక్కడ ఉంటున్నది ఎక్కువగా నల్లజాతి కుటుంబాలే. మెంఫిస్ జనాభాలోనూ అరవై శాతానికి పైగా వాళ్లే. అంటే, ప్రపంచం నలుమూలల నుంచీ ఏటా లక్షలమంది వచ్చి చూసే ఆ ఇంటి చుట్టూ ఉన్నది, ఎవరి సంగీతం నుంచి ఎల్విస్ నేర్చుకున్నాడో వాళ్ల పిల్లలూ మనవలే!

2016 ఆగస్టు పదిహేను రాత్రి ఈ సంగతి గేటు ముందుకే వచ్చింది. పోలీసు కాల్పుల్లో నల్లజాతివారి మరణాల మీద, నగరంలోని పేదరికం మీద నిరసన తెలపడానికి కొందరు కొవ్వొత్తుల వేళకే గ్రేస్‌ల్యాండ్ దగ్గర చేరారు. పోలీసులు బారికేడ్లు పెట్టారు. రంగు చూసి కొందరిని ఆపారన్న ఆరోపణలూ వచ్చాయి. 'పోయినవాడికి దణ్ణం పెట్టుకునే రాత్రి ఇదేం గొడవ?' అని బాధపడినవాళ్లున్నారు. 'మా ఊరి వైపు ప్రపంచం చూసేది ఈ ఒక్క రాత్రే, ఇంకెప్పుడు అడగాలి?' అన్నది అవతలివాళ్ల ప్రశ్న. ఈ రెండు మాటల్లో ఏదీ కొట్టిపారేయదగ్గది కాదు.

మనవరాలి చేతిలో తాళాలు

ఇరవయ్యేళ్ల వయసులో ఎల్విస్‌ని చూసి కేకలు పెట్టిన తరం ఇప్పుడు ఎనభై దాటేసింది. వాళ్ల తర్వాత ఆ కొవ్వొత్తి పట్టుకునేదెవరు? ఈ బెంగ అభిమాన సంఘాల్లో చాలాకాలంగా ఉంది. 2022లో బాజ్ లుహర్‌మన్ తీసిన 'ఎల్విస్' సినిమా ఆ బెంగని కొంత తీర్చింది. అందులో ఆస్టిన్ బట్లర్‌ని చూసి తొలిసారి ఆ పాటలు విన్న కుర్రకారు ఎందరో.

మరుసటి ఏడాదే సోఫియా కొప్పోలా 'ప్రిసిల్లా' వచ్చింది. అది కథని భార్య వైపునుంచి చెప్పింది. జర్మనీలో సైనికుడిగా ఉన్న ఎల్విస్‌ని ఆమె కలిసినప్పుడు ఆయనకి ఇరవై నాలుగు, ఆమెకి పద్నాలుగు. పాతతరం 'అప్పటి రోజులు వేరు' అని దాటేసిన ఆ వయసు లెక్క దగ్గర కొత్తతరం ఆగిపోయింది. తల్లి ఒకలా, కూతురు ఒకలా వాదించుకునే ఇళ్లు ఎన్నో. నిజానికి ఆ సంగతి దాచిందేమీ కాదు. ప్రిసిల్లాయే 1985లో తన పుస్తకంలో రాసింది. మారింది చదివే కళ్లే.

2023 జనవరి 12న ఏకైక కూతురు లీసా మేరీ 54 ఏళ్లకే పోయింది. అదే తోటలో, 2020లో తనకంటే ముందే పోయిన కొడుకు బెంజమిన్ పక్కన ఆమెని ఉంచారు. ఇప్పుడా ఇంటి బాధ్యత మనవరాలు, నటి రైలీ కియోది. 2024లో ఆమెకి ఓ వింత కష్టం వచ్చింది. లీసా మేరీ గ్రేస్‌ల్యాండ్‌ని తాకట్టు పెట్టి 38 లక్షల డాలర్లు అప్పు తీసుకుందంటూ ఓ కంపెనీ ఇంటిని వేలానికి పెట్టింది! రైలీ కోర్టుకెళ్లింది. వేలానికి ముందురోజు న్యాయమూర్తి దాన్ని ఆపేశారు. కాగితాలూ సంతకాలే కాదు, ఆ కంపెనీ కూడా దొంగదేనని తర్వాత తేలింది. ఆ మోసం చేసిన మహిళకి 2025లో జైలుశిక్ష పడింది. ఆ కొద్దిరోజులూ అభిమానులు కంటిమీద కునుకు లేకుండా గడిపారు. చట్టం దృష్టిలో ఆ ఇల్లు ఓ కుటుంబానిది. వాళ్ల మనసులో మాత్రం అది అందరిదీ.

ఒక రోజు సరిపోదు

మెంఫిస్ వెళ్లినవాళ్లలో చాలామంది గ్రేస్‌ల్యాండ్ చూసి, ఎదురుగా ఉన్న మ్యూజియంలో ఆయన కార్లూ, కూతురి పేరు పెట్టుకున్న విమానమూ చూసి, ఓ కీచైను కొనుక్కుని తిరుగు ప్రయాణమవుతారు. అలా వస్తే సగమే చూసినట్టు. మిగతా సగం ఊళ్లో ఉంది. ఎల్విస్ కుర్రాడిగా ఉన్నప్పుడు అద్దాల్లోంచి సూట్లని ఆశగా చూసిన లాన్స్‌కీ బట్టల దుకాణం బీల్ స్ట్రీట్‌లోనే ఉండేది. నల్లజాతి సంగీతకారులు బట్టలు కొనుక్కునే కొట్టది. ఆయన్ని పెట్టెలో పడుకోబెట్టినప్పుడు వేసిన తెల్లసూటు కూడా లాన్స్‌కీదే. ఆ వీధిలో ఇప్పటికీ రాత్రయితే బ్లూస్ వినబడుతుంది. ఎల్విస్ విగ్రహమూ అక్కడుంది, బ్లూస్‌కి ఓ రూపమిచ్చిన డబ్ల్యు.సి.హ్యాండీ విగ్రహమూ ఉంది. 2015 మేలో బి.బి.కింగ్ అంతిమయాత్ర సాగిందీ ఆ వీధిలోనే.

అక్కణ్నుంచి నడిచి వెళ్లే దూరంలో లొరైన్ మోటెల్. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చి చంపింది దాని బాల్కనీలోనే. పారిశుద్ధ్య కార్మికుల సమ్మెకి అండగా నిలబడటానికి ఆయన మెంఫిస్ వచ్చాడు. ఆ మోటెల్ ఇప్పుడు పౌరహక్కుల మ్యూజియం. తన సొంత ఊళ్లో జరిగిన ఆ హత్య ఎల్విస్‌ని కుదిపేసింది. రెండు నెలల తర్వాత టీవీ కార్యక్రమం చివర పాడిన 'ఇఫ్ ఐ కెన్ డ్రీమ్' ఆ బాధలోంచి వచ్చిందే. ఇంకాస్త దక్షిణాన, నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి వాయించిన స్టాక్స్ స్టూడియో ఉండేది. పాత భవనాన్ని 1989లో కూల్చేశారు. అదే చోట 2003లో మ్యూజియం కట్టారు. ఇవన్నీ చూశాక మళ్లీ గ్రేస్‌ల్యాండ్ వెళ్తే ఆ ఇల్లు వేరేగా కనబడుతుంది. ఆయన గొప్పతనం తగ్గదు. ఆ గొప్పతనం ఎన్ని గొంతుల అప్పో తెలుస్తుంది.

గ్రేస్‌ల్యాండ్‌కి రోడ్డువైపు పొడవాటి రాతి గోడ ఉంది. దాని మీద అభిమానులు పేర్లు రాసుకుంటారు. ఊళ్ల పేర్లు, పెళ్లి తేదీలు, 'మా అమ్మ తరఫున వచ్చాను' లాంటి మాటలు. ఎండకి వెలిసిపోయిన రాతల మీదే కొత్త రాతలు పడుతుంటాయి. ఎవరి రాత పైన ఎవరిది ఉందో ఎవరూ చూడరు. ఎల్విస్ మిగిల్చి వెళ్లిన లెక్క కూడా అలాంటిదే. ఒకరు తేల్చేది కాదు, ఒక తరంలో తేలేదీ కాదు. ఎంత తగువులాడుకున్నా ఏటా ఆగస్టు పదిహేను రాత్రికి అందరూ అక్కడికొస్తారు. పక్కన నిలబడ్డది అవతలి పక్షమైనా సరే, కొవ్వొత్తి ఆరిపోతే తమది వంచి వెలిగిస్తారు.